నీ సంగతి చూసుకుంటాం

బస్సు డ్రైవర్లు ఆమెకు గాలక్క అని పేరు పెట్టారు. డీజిలు పట్టే మనిషికైతే ఆ పేరు వచ్చేది కాదు. ఆమె పట్టేది హైడ్రోజన్. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. దాన్ని తాగిన బస్సు పొగకు బదులు వెనకనించి నాలుగు నీటిచుక్కలు వదిలి వెళ్ళిపోతుంది. "మా బావమరిది కడుపునిండా తిని గాలి కబుర్లు చెప్తాడక్కా, ఈ బస్సు గాలి తిని నోరెత్తకుండా పనిచేస్తుంది," అని ఒక డ్రైవరు రోజూ అంటాడు. ఆమె రోజూ మొదటిసారి విన్నట్టే నవ్వుతుంది. ఉద్యోగంలో అదీ ఒక భాగమే.

సోమవారం పొద్దున ఆమె ఆ డ్రైవరు బస్సుకే గ్యాసు నింపుతోంది. నిప్పురవ్వ పుట్టకుండా ముందు నేలతీగ, అంటే ఎర్తు తీగ, తగిలించింది. బస్సు పక్కన మూత తీసి, గొట్టం మూతిని లోపలికి నెట్టి, పిడిని టక్కుమనేదాకా తిప్పింది. గ్యాసును బాగా చల్లబరిచి పంపుతారు కాబట్టి కాసేపట్లోనే గొట్టం మూతి మీద తెల్లగా మంచు పట్టింది. పట్టడం అయిపోయినా ఆ మంచు కరిగేదాకా లాగకూడదు, లాగినా రాదు. కొత్తలో ఆమె దానితో కుస్తీ పట్టేది. ఇప్పుడు అలిగిన పిల్ల పక్కన నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడుతుంది. అలా ఊరికే నిలబడి ఉండటం వల్లే ఆ సంగతి చూసింది. వేరే పనిలో ఉంటే చూసేది కాదు, ఈ గొడవంతా ఉండేది కాదు.

ప్లాంటును పెంచుతున్నారు. ఎండనుంచి కరెంటు తీసి, ఆ కరెంటుతో నీళ్ళను విడగొట్టే పాత షెడ్డు పక్కనే దానికి మూడింతల షెడ్డు లేచింది. ఒక్క పంపు ఉన్నచోట ఇంకో నాలుగు నిలబెట్టారు. శనివారం పెద్దలు వచ్చి ప్రారంభించాలి. కొత్త గొట్టాలను పాత నిల్వ సిలిండర్లకు కలిపే పని ఫిట్టరు బాబాయిది. బాబాయి అంటే ఆమె ఒక్కదానికే కాదు, ప్లాంటు మొత్తానికీ బాబాయే. అసలు గ్యాసు వదలక ముందు అంటుకోని గ్యాసేదో నింపి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు రాసి, బుడగ లేస్తుందేమోనని ముక్కు ఆనించి మరీ చూస్తాడు. చూడటం పూర్తయ్యేదాకా పెద్ద వాల్వు పిడికి ఒక ఎర్ర పీలిక కట్టి ఉంచుతాడు. పీలిక ఉంటే తెరవకూడదు. ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి, ఇంకొకళ్ళు చెయ్యి పెట్టకూడదు. ప్లాంటులో ఇంతకు మించిన చట్టం లేదు. ఆ పీలికలు గాలక్క భర్త బట్టలు కుట్టగా మిగిలిన ముక్కలే.

ఇంకా రెండు అతుకులు మిగిలి ఉండగా సబ్బునీళ్ళు అయిపోయాయి. బాబాయి బకెట్టు పట్టుకుని కొళాయి వైపు వెళ్ళాడు. అప్పుడే మేనేజరు ఆఫీసులోంచి బయటికి వచ్చాడు. పైనుంచి వచ్చే ఫోన్లకు 'అయిపోయింది సార్, అయిపోయినట్టే సార్' అని చెప్పి చెప్పి ఆయన మొహం వాడిపోయి ఉంది. వాల్వు దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. పీలికను రెండుసార్లు లాగాడు, రాలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి, దానికున్న చిన్న కత్తితో కోసి, ముక్కను జేబులో వేసుకుని పిడి తిప్పాడు.

ముందు చూడకుండా మిగిలిన అతుకు దగ్గర బుస్సుమని చప్పుడు, ఆ వెంటనే సైరను. గాలక్క పక్కనే ఉన్న ఎర్ర మీట మీద అరచేత్తో బలంగా కొట్టింది. ఎక్కడి వాల్వులు అక్కడ మూసుకున్నాయి. మంట లేవలేదు. లేచినా పట్టపగలు ఆ మంట కంటికి ఆనదు, దాని ఘనత అలాంటిది. డ్రైవరు బస్సు దిగి బావమరిదిని కూడా మరిచిపోయి గేటు వైపు పరుగెత్తాడు.

బాబాయి నురగ కారే బకెట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు. కొత్త షెడ్డులో పనిచేసే వాళ్ళంతా మూగారు. మేనేజరు బాబాయి వైపు తిరిగాడు.

"పీలిక ఏది?" అన్నాడు.

"కట్టాను సార్."

"కడితే ఏది మరి?"

బాబాయి వాల్వు పిడి వైపు చూశాడు, నేల మీద వెతికాడు, చివరికి తన చేతుల వైపు చూసుకున్నాడు. గుంపులోంచి ఎవరో, "తొందరలో విప్పి, తెరిచి, మర్చిపోయి ఉంటాడు పాపం, పెద్దవాడు," అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు మేనేజరు ఆ మాట పట్టుకున్నాడు. కొత్త వైపు కెమెరాలకు ఇంకా తీగలు కలపలేదు. మధ్యాహ్నానికల్లా బాబాయిని ఇంటికి పంపేశారు, విచారణ అయ్యేదాకా రావద్దన్నారు.

గాలక్కకు మాట నోటిదాకా వచ్చింది. మేనేజరు తనను చూశాడా, చూడలేదా అన్న అనుమానం ఒకటి దానికి అడ్డం పడింది. ఎవరైనా అడిగితే చెబుదామనుకుంది, ఎవరూ అడగలేదు. సాయంత్రం బూట్లు విప్పుకుంటూ ఉండగా మేనేజరు అటుగా వచ్చి ఆగాడు. ఆమె మొహంకేసి కాక, ఆమె విప్పిన బూట్లకేసి చూస్తూ అన్నాడు.

"నీ సంగతి మేం చూసుకుంటాం."

అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేదాకా ఆమె ఆ మాటనే తిరగేసి మరగేసి చూసింది. మాట ఒకటే, మొహాలు రెండు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు అవతలివాళ్ళు అనేదీ ఇదే, వీధిలో చొక్కా పట్టుకున్నవాడు అనేదీ ఇదే. తనకు అన్నది ఏది?

అత్తగారు విషయం వినగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఆవిడకు ఆలోచించేటప్పుడు కళ్ళు అడ్డం.

"సరిగ్గా చెప్పమ్మాయ్. 'చూసుకుంటాం' అన్నాడా, 'చూసుకుంటాంలే' అన్నాడా?"

"లే లేదత్తయ్యా."

"లే లేకపోతే కష్టమే. లే ఉంటే ఆదరణ. లేకపోతే చెప్పలేం."

కుట్టుమిషను దగ్గర భర్త నోటినిండా గుండుసూదులు పెట్టుకుని "మ్మ్" అన్నాడు. అది ఔనో కాదో సూదులు తీస్తే గానీ తెలియదు. తీశాక అన్నాడు.

"అసలు నువ్వేం చేశావు?"

"లీకవుతుంటే మీట కొట్టాను."

"నీ మీటతో ప్లాంటు ఆగిపోయింది, సగం బస్సులు ఆగిపోయాయి. అందుకు కోపం వచ్చి ఉంటుంది."

"కొట్టకపోతే అందరం పోయేవాళ్ళం."

"అయితే మెచ్చుకుని ఉంటాడు," అని మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

కోసిన పీలిక సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. బాబాయిని పంపేశారని చెప్పింది, మేనేజరు అన్న మాట చెప్పింది, మధ్యలోది మింగేసింది. ఎందుకు మింగిందో ఆమెకే తెలియదు. చెబితే ఇక ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని భయం కాబోలు.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మీరు కూడా ఇదే అన్నారు," అంది పడుకోబోతూ. "పక్కింటావిడతో, 'దీని సంగతి నేను చూసుకుంటాను' అని. అప్పుడు మీరు ఏ అర్థంలో అన్నారత్తయ్యా?"

అత్తగారు నిజాయితీగా ఆలోచించింది.

"రెండూనూ," అంది.

మంగళవారం ఏ సూచన చూసినా ఆమెకు మతి పోయింది. పొద్దున వెళ్ళేసరికి అందరికీ కొత్త బూట్లు పంచుతున్నారు. నిప్పురవ్వ పుట్టని అడుగు ఉన్నవి, విస్తరణ సందర్భంగా. స్టోరు గుమాస్తా ఆమెను చూసి, "మీకు ఇప్పుడే ఇవ్వద్దన్నారండీ," అన్నాడు. ఆమె గుండెలో రాయి పడింది. గంట గడవకముందే ఆఫీసు నుంచి ఆమెకోసం ప్రత్యేకంగా టీ వచ్చింది, కప్పుకు సాసరు కూడా ఉంది. సాసరు చూశాక ఆ రాయి కొంచెం తేలికపడింది. మధ్యాహ్నం షిఫ్టు బోర్డు చూస్తే వచ్చే వారం వరసలో ఆమె పేరు చెరిపేసి ఉంది. తెల్లటి బోర్డు మీద ఆ చోటు మాత్రం మరీ తెల్లగా ఉంది.

"అక్కా, ఏంటి ఇవాళ గాలి పోయినట్టున్నావు," అన్నాడు బావమరిది గల డ్రైవరు.

ఆమె నవ్వడం మర్చిపోయింది. గొట్టం తగిలించి, నేలతీగ తగిలించలేదని గుర్తొచ్చి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈ ఉద్యోగమంటే ఆమెకు ఇష్టం. డ్రైవర్లు వరసలో నిలబడి తన చెయ్యి ఎప్పుడు ఊపుతుందా అని చూడటం ఇష్టం, చివర్లో మంచు కరిగి గొట్టం దానంతట అదే వదులైన క్షణం ఇష్టం. అది పోతుందేమోనన్న దిగులు నిన్న సాయంత్రం నుంచీ వదలడం లేదు. దిగులు తనకోసమా, బాబాయి కోసమా అని అడిగితే మాత్రం తడుముకునేది. కొళాయి పక్కన బాబాయి బకెట్టు బోర్లించి ఉంది. అటు చూడకుండా నీళ్ళు తాగి వచ్చింది.

బుధవారం మేనేజరు ఆమెను ఆఫీసులోకి పిలిచాడు. ఆయనే లేచి కుర్చీ జరిపాడు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. ఆడమనిషికి గ్యాసు గొట్టం ఏమిటని అందరూ నసిగిన రోజున, 'ఏం, ఇళ్ళలో పొయ్యి వెలిగించేది ఎవరు?' అని ఆమెకు ఈ పని ఇప్పించింది ఆయనే. ఆ కృతజ్ఞత ఆమెకు ఉంది, అదీ ఒక చిక్కే.

"కంగారుపడుతున్నట్టున్నావు," అన్నాడు. "నీ సంగతి చూసుకుంటామన్నాను కదమ్మా. కొత్త పంపులన్నిటికీ సూపర్‌వైజరు నువ్వే. వచ్చే వారం నుంచి. బూట్లు వేరే రకం వస్తాయి, అందుకే ఆపించాను."

గాలక్కకు గాలి పీల్చుకోవడానికి వీలైంది. బెదిరింపు కాదు. చెరిపేసింది పక్క బోర్డు మీద రాయడానికి. రెండు రోజులు అనవసరంగా తల బద్దలు కొట్టుకుంది. ఇంటికెళ్ళి అత్తగారికి 'లే లేకపోయినా ఆదరణేనత్తయ్యా' అని చెప్పాలి అనుకుంది. అనుకుంటూ ఉండగానే ఎందుకో అనిపించింది, ఇంత ఆదరణ దేనికి? మీట కొట్టినందుకేనా?

మేనేజరు పేపరువెయిటును బల్ల మీద మెల్లగా తిప్పుతున్నాడు.

"రేపు హెడ్డాఫీసు నుంచి విచారణకు వస్తారు. నిన్నూ అడుగుతారు. నువ్వు అప్పుడు బస్సు వైపు చూస్తున్నావు. అవునా?"

ఆమె తిరుగుతున్న పేపరువెయిటునే చూస్తోంది.

"గొట్టం వైపు చూస్తూ ఉన్నావు. అది నీ పని. వాల్వు సంగతి నీకు తెలియదు. అంతే చెప్పు. నువ్వు ఈ రెండు రోజులూ నోరు విప్పకుండా ఉన్నావు చూడూ, అది నేను మర్చిపోను. ఈ సమయంలో ఒక చిన్న పొరపాటుకు నన్ను తీసేస్తే ప్లాంటు మొత్తం వెనకపడుతుంది. బాబాయికి ఎలాగూ పని మానే వయసు వచ్చింది. ఆయనకు పోయేదేమీ లేదు."

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయన ఆ రోజు తనను చూశాడు. తను భయపడి మాట మింగితే, ఆయన దాన్ని తన పక్షాన నిలబడటం అనుకున్నాడు. తను ఏ బేరం ఆడకుండానే బేరం కుదిరిపోయింది. బెదిరించి ఉంటే బాగుండేది, కనీసం తిరగబడటానికి ఒక మనిషి ఎదురుగా ఉండేవాడు. కుర్చీ జరిపిన మనిషి మీద ఎలా తిరగబడతారు? ఆమె తల ఊపింది. నిలువుగా ఊపిందో అడ్డంగా ఊపిందో బయటికి వచ్చాక ఎంత గుర్తుచేసుకున్నా తెలియలేదు. మేనేజరు మాత్రం నవ్వి, "మంచిది," అన్నాడు.

ఆ సాయంత్రం పనిముట్ల గదిలో పానాలు వేలాడే గోడ కింద బాబాయి టిఫిను క్యారియరు కనపడింది. సోమవారం నుంచి అక్కడే పడి ఉన్నట్టుంది. కడిగింది. కడిగాక, ఎవరిచేతనైనా పంపుదామా అని గేటు దాకా వెళ్ళి చూసింది. అందరూ తొందరలో ఉన్నారు. పోనీ తనే ఇచ్చేసి వద్దామనుకుంది. ఇస్తే చాలు, కూర్చోనక్కర్లేదు. రేపు ఏమని చెప్పాలో అప్పటికి దాదాపు తేల్చుకుంది. గొట్టం వైపు చూస్తున్నాను. అందులో అబద్ధం కూడా అంతగా లేదు. గొట్టం వైపూ చూసింది కదా. ఆయనకు పోయేదేమీ లేదని మేనేజరే అన్నాడు.

బాబాయి వాళ్ళది మేడమీద వాటా. తలుపు పిన్ని తీసింది.

"క్యారియరు ఇచ్చి వెళ్దామని వచ్చాను పిన్నీ."

"లోపలికి రా ముందు. మీ బాబాయి వంటింట్లో ఉన్నాడు."

"వంట చేస్తున్నారా?"

"వంటైతే బాగుండును," అంది పిన్ని.

బాబాయి వంటింట్లో పొయ్యి ముందు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. గిన్నెలో సబ్బునీళ్ళు, చేతిలో పాత బ్రష్షు. గ్యాసు గొట్టం అతుకు మీద నురగ రాసి, వంగి, చూస్తున్నాడు. తుడిచాడు. మళ్ళీ రాశాడు.

"పొద్దుటినించీ ఇదే పని," అంది పిన్ని గొంతు తగ్గించి. "వీధి తలుపు తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి లాగి చూస్తాడు. ఇందాక చొక్కా బొత్తాలు పెట్టుకుని, పెట్టుకున్నానా అని నన్ను అడిగాడు."

బాబాయి తల ఎత్తి ఆమెను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"రా అమ్మాయ్. నేనే వద్దామనుకున్నాను నీ దగ్గరికి."

"ఎందుకు బాబాయ్?"

"క్షమించమని అడగడానికి." ఆయన ఆమె వైపు చూడలేదు, తన చేతుల వైపే చూసుకున్నాడు. "నాకు కట్టినట్టు గుర్తుంది. విప్పినట్టు గుర్తులేదు. గుర్తులేదంటే విప్పలేదని కాదు కదా. మతిమరుపంటే అదేగా. తెరిచింది నేనే అయ్యుంటాను. నువ్వు అంత దగ్గర్లో ఉన్నావు, మీ ఆయన, మీ అత్తగారు... ఏదన్నా జరిగుంటే వాళ్ళకు నా మొహం ఎలా చూపించేవాణ్ణి? రేపు విచారణలో ఒప్పేసుకుంటాను. ఇక పానా ముట్టను తల్లీ. ఈ చేతుల్ని నమ్మలేను."

గాలక్క క్యారియరును పట్టుకునే ఉంది. పోయేదేమీ లేదన్న మనిషికి ఏం పోయిందో కళ్ళెదురుగా కనపడుతోంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆ వెనకే తన మీద తనకు అసహ్యం వేసింది. ఇక్కడ ఒకసారి నిజం చెబితే రేపు అక్కడ అబద్ధం చెప్పడం తనకు చేతకాదు. సూపర్‌వైజరు పని పోతుంది, దానితోపాటు ఉన్న పనీ పోవచ్చు. మూడు రోజుల్లో ఆమెకు అర్థమైన సంగతి ఇదొక్కటే, స్పష్టంగా అర్థమైంది.

"మీరు విప్పలేదు బాబాయ్," అంది.

"ఊరుకో. ఓదార్పుకు అందరూ అలాగే అంటారు."

"ఓదార్పు కాదు. నేను చూశాను. మేనేజరు సార్ తెరిచారు. మీరు అప్పుడు కొళాయి దగ్గర ఉన్నారు."

బాబాయి తల ఎత్తాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంది, ఇంతవరకూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకుంది. ఆయన అవేవీ అడగలేదు.

"మరి పీలిక?"

"లాగి చూశారు. రాలేదు. తాళాల గుత్తికున్న కత్తితో కోసి జేబులో వేసుకున్నారు."

"రాలేదా?"

"రాలేదు బాబాయ్. రెండుసార్లు లాగారు."

"రాదు," అన్నాడు ఆయన. "నా ముడి లాగితే రాదు." చేతులు రెండూ ముందుకు చాపి, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాడు, ఎవరో తీసుకెళ్ళి తిరిగి తెచ్చిచ్చిన వస్తువుల్ని చూసుకున్నట్టు.

"ముందే చెప్పాల్సింది. భయపడ్డాను," అంది గాలక్క. "రేపు అందరి ముందూ చెప్తాను."

"నీ ఉద్యోగానికి ముప్పొస్తుందే పిచ్చిపిల్లా."

"తెలుసు."

ఆయన తల ఊపాడు. వద్దనలేదు. వద్దనాలని నోరు తెరిచాడు గానీ కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య వైపు తిరిగాడు.

"ఏమే, విన్నావా? నేను కాదట."

"విన్నానండీ."

"నువ్వు సరిగ్గా విని ఉండవు. ఇటొచ్చి కూర్చో." బ్రష్షు గిన్నెలో పడేసి గాలక్క వైపు జరిగాడు. "అమ్మాయ్, మొదటినుంచి చెప్పు. నేను బకెట్టు పట్టుకుని వెళ్ళాను కదా, అక్కణ్ణించి చెప్పు."

పిన్ని వచ్చి కూర్చుంది. గాలక్క క్యారియరు కింద పెట్టి, మొదటినుంచి చెప్పింది.